ఏ సట్టిలో కాగబెట్టేది?

మెన్‌స్ట్రువల్ కప్పు కొన్న ఆడమనిషికి మొదట వచ్చే చిక్కు ఒంటితో కాదు, వంటింటితో. డబ్బా విప్పితే లోపల కప్పు, ఒక చిన్న గుడ్డసంచి, మడతలు మడతలుగా ఒక కాగితం ఉంటాయి. వాడకముందు కప్పును అయిదు నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచండి అంటుంది ఆ కాగితం. రాసినవాళ్ల లెక్కలో అది ఎంతో చిన్న పని. మన ఇళ్లల్లో మాత్రం ఆ ఒక్క వాక్యానికి ఎన్ని పిలకలేస్తాయో. ఏ గిన్నెలో? ఏ పొయ్యి మీద? ఇంట్లో ఎవరెవరు లేనప్పుడు? ఉడికించాక ఆ గిన్నెను కడిగి ఎక్కడ బోర్లించేది?

తిరుపతిలో మాలాంటి వాళ్ల ఇళ్లకు దేవుడి గది విడిగా ఉండటం తక్కువ. బాడుగ ఇళ్లలో అసలే ఉండదు. వంటింట్లోనే ఒక గూడు, గూట్లో స్వామి పటం, పక్కన అలమేలుమంగ, ఆ కింది అరలో పోపుల డబ్బా. మూడు రోజులు దూరంగా కూర్చునే ఆచారం చాలా కొంపల్లో ఎప్పుడో సడలింది. తప్పని తెలుసుకుని సడలించింది ఎవరూ లేరు. వేరుకాపురాల్లో వండిపెట్టే రెండో మనిషి లేక సడలింది. అయినా పెరటాసి శనివారాలు వచ్చాయంటే గోవింద నామంతో పాటు పాత కట్టుబాట్లన్నీ తిరిగి వంటింట్లోకి వస్తాయి. పాకాల మండలంలో వేమన ఇండ్లు అనే చిన్న ఊరి గురించి పేపర్లలో చదివే ఉంటారు. ఆ ఊళ్లో చెప్పులు వేసుకుని నడవరు. నెలసరి వచ్చిన ఆడవాళ్లు ఊరి బయట ఉండాలి. అది చదివి మనం నోరెళ్లబెడతాం. మన వంటింటి గడప దగ్గర కంటికి కనపడని ఊరిబయట ఒకటి ఉందన్న సంగతి గుర్తుకు రాదు.

మా అత్త నాకు మేనత్త కూడా. అందుకని మా మధ్య మాటకు మాట నడుస్తుంది. పొయ్యి మీద నీళ్లలో తేలుతున్న కప్పును చూసి ఆమె అడిగింది.

“ఏంది మే అది? గుడ్డు గాదు, గడ్డ గాదు.”

“నెలకు వాడేదత్తా. ప్యాడ్ల బదులు. ఉడకబెట్టి పెట్టుకోవల్ల.”

“నెలకు వాడేదాన్ని పాలు కాచే పొయ్యి మీద పెడతావా?”

“లోపల పెట్టుకునేది గదా, సుబ్బరంగా ఉండొద్దా? బిడ్డకు పాలసీసా నువ్వే గదా ఉడకబెట్టింది.”

“పాలసీసా, ఇదీ ఒకటేనా మే!”

అంతటితో ఆమె గమ్మునైపోయింది. అలిగిందనే అనుకున్నాను. తెల్లారి అటక మీది నుంచి చెవి విరిగిన ఇండాలియం సట్టి ఒకటి దింపి, బూడిదేసి తోమి, నా ముందర పెట్టింది. “ఇందులో కాగబెట్టుకో. మిగతా బోకుల్లో కలపాకు,” అంది.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, డాక్టరమ్మను అడిగినా ఆ మాటే చెబుతుంది. కప్పుకు విడిగా ఒక గిన్నె పెట్టుకోండి, కూర వండిన గిన్నె వద్దు, నూనె జిడ్డు ఉండకూడదు అంటుంది. మా అత్త అంటు కలుస్తుందని విడదీసింది. డాక్టరు మన ఒంటికి సూక్ష్మక్రిములు అంటుతాయని విడదీస్తుంది. దారులు వేరైనా ఇద్దరూ చేరింది ఆ చెవి విరిగిన సట్టి దగ్గరికే. అలాగని మా ఇంట్లో ఏదో విప్లవం వచ్చిందని చెప్పను. ఇప్పటికీ నేను సట్టి దించగానే “అయిపోయిందా మే” అని అడిగి, పొయ్యి చుట్టూ పసుపు నీళ్లు చల్లుతుంది. చల్లుకోనీ. పసుపు నీళ్లతో కప్పుకు వచ్చే నష్టమేమీ లేదు.

మా జేజి కాలంలో పాత నూలుచీర ముక్కలే. ఉతుక్కుని మళ్లీ వాడుకునేవాళ్లు. అలా చూస్తే కప్పు మనకు కొత్త కాదు. నెలనెలా కొని పారేసే ప్యాడు కంటే అది జేజి గుడ్డకే దగ్గరి చుట్టం. గుడ్డ మురికిదని, వెనకబాటుతనమని మా తరానికి బళ్లో చెప్పారు. నిజానికి శుభ్రంగా ఉతికి ఎండలో ఆరేసిన నూలుగుడ్డలో దోషం లేదు. దోషమంతా ఆరేసే చోట ఉండేది. పశువుల కొట్టంలో చూరు కింద, వామి వెనక, కట్టుకునే చీర కింద దాచి. మగవాళ్ల కంట పడకూడదు, పొద్దు కంట కూడా పడకూడదు. సగం తడితో మళ్లీ కట్టుకుంటే ఒరుపులు, దురదలు, బూజు. ఎంత ఎండ కాసే సీమ మాది! ఆ ఎండను ఊరగాయ ముక్కలకు, వడియాలకు, చింతపండుకు వాడుకున్నారు గానీ ఈ గుడ్డకు మాత్రం దక్కనివ్వలేదు.

కప్పు పుట్టింది ఇక్కడ కాదు. లియోనా చామర్స్ అనే అమెరికా నటి 1937లో రబ్బరు కప్పుకు పేటెంట్ తీసుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో రబ్బరు కరువై తయారీ ఆగిపోయింది. యుద్ధమయ్యాక మళ్లీ మార్కెట్లోకి తెస్తే అక్కడి ఆడవాళ్లూ మొహం తిప్పుకున్నారు. వేలు పెట్టాలి, నెత్తురు చూడాలి, కడగాలి అనేసరికి దొరసానులకూ రోత పుట్టింది. మనవాళ్లకే సిగ్గెక్కువ అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. వైద్యానికి వాడే సిలికాన్‌తో కప్పులు వచ్చాక, ఈ ఇరవై ఏళ్లలోనే దానికి కాస్త కాలం కలిసొచ్చింది. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష 43 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 3,319 మంది ఆడవాళ్ల, ఆడపిల్లల అనుభవాలను ఒకచోట చేర్చి చూసింది. లీకేజీ ప్యాడ్లతో, టాంపాన్లతో సమానంగానో, అంతకంటే తక్కువగానో ఉందని తేలింది. ఇకముందూ వాడతారా అని అడిగిన 13 అధ్యయనాల్లో 73 శాతం మంది వాడతామన్నారు. అలవాటు కావడానికి కొన్ని నెలలు పడుతుందన్నది కూడా అందులో ఉంది. ఇక మన దేశం లెక్క: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ల లోపు వాళ్లలో కప్పు వాడేవాళ్లు 0.3 శాతం. వెయ్యిమందిలో ముగ్గురు.

ఆ మిగతా వాళ్లు ఆగిపోయేది డబ్బు దగ్గర కాదనే నా అనుమానం. మూడు నాలుగు వందలకు కప్పు దొరుకుతుంది, చినగకుండా చూసుకుంటే పదేళ్లదాకా వస్తుంది. ప్యాడ్లకు అయ్యే ఖర్చు ముందర అదొక లెక్కే కాదు. ఆగేది చెయ్యి దగ్గర. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అక్కడ చెయ్యి పెట్టకు, అటు చూడకు, దాని మాటెత్తకు అని పెంచిన ఒంటిని, ఇప్పుడు వేలుతో తడిమి చూసుకోమంటే ఎట్లా? ముగ్గురు బిడ్డల్ని కన్న తల్లులు కూడా “లోపలికి పోయి కడుపులో తప్పిపోతే?” అని అడగటం విన్నాను. తప్పిపోవడానికి అక్కడ దారి లేదు. యోని పైకొనను గర్భాశయ ముఖద్వారం మూసే ఉంచుతుంది. అందులోని సన్నని కంతలో నుంచి నెత్తురు కారుతుంది గానీ కప్పు దూరదు. బిడ్డను కని కూడా ఈ సంగతి తెలియకపోవడం ఆ తల్లుల తప్పు కాదు. కాన్పు గదిలో వాళ్లకు తప్ప అందరికీ వాళ్ల ఒళ్లు కనపడింది.

పెళ్లికాని పిల్లల విషయంలో ఇంకో భయం ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు. కన్నెపొర. సైకిలు తొక్కినా, ఆటలాడినా అది సాగవచ్చు, చిరగవచ్చు. కొందరికి పుట్టుకతోనే పలచగా ఉంటుంది. దాన్ని చూసి ఎవరి గుణం గురించీ ఏమీ చెప్పలేమని డాక్టర్లు ఏనాడో తేల్చారు. ఇది తల్లి తెలుసుకుంటే సగం గొడవ తీరుతుంది. పిల్ల తనకు తానుగా సిద్ధపడాలి గానీ, కొనిచ్చాం కదా అని బలవంతపెట్టే పని అంతకంటే కాదు.

ఇంతకీ వాడకం. చేతులు సబ్బుతో కడగాలి, గోళ్లు పొట్టిగా ఉండాలి. కప్పు నోటిని నొక్కి మడిచి, గొంతుక్కూర్చునో, ఒక కాలు స్టూలు మీద పెట్టో లోపలికి పంపాలి. లోపలికి వెళ్లాక అది విచ్చుకుని గోడకు ఆనుకుంటుంది. విచ్చుకోకుండా మడతలోనే ఉండిపోతే కారుతుంది. అడుగున వేలు పెట్టి చుట్టూ తడిమితే విచ్చుకుందో లేదో తెలిసిపోతుంది. ఒళ్లు బిగబట్టుకుంటే పోదు, ఊపిరి వదిలి నిదానంగా చేసుకోవాలి. తీసేటప్పుడు కప్పు అడుగున ఉండే తోకను పట్టుకుని లాగడమే చాలామంది చేసే పని, అదే నొప్పికి మూలం. అడుగుభాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే పట్టు వదులుతుంది, అప్పుడు మెల్లగా తేవాలి. ఒకసారి పెట్టుకుంటే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. పన్నెండు దాటనివ్వకూడదు.

కడగడంలో చిన్న మెలకువలు ఉన్నాయి. ముందు చన్నీళ్లు, ఆ తర్వాతే వేన్నీళ్లు. వేడినీళ్లు మొదటే తగిలితే మరక పట్టేస్తుంది. వాసన లేని తేలిక సబ్బు చాలు. అంచు కింద చుట్టూ సన్నటి రంధ్రాలుంటాయి. కప్పులో నీళ్లు నింపి, అరచేత్తో మూతిని మూసి పిండితే ఆ రంధ్రాల్లో నుంచి నీళ్లు చిమ్మి అవే శుభ్రపడతాయి. డెట్టాలు, బ్లీచింగు, షాంపూలు దగ్గరికి రానివ్వకూడదు. నెలసరి ముగిశాక మళ్లీ ఉడకబెట్టి, బాగా ఆరనిచ్చి గుడ్డసంచిలో వెయ్యాలి. గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి దాచితే వాసన పడుతుంది. మా వైపు బోరు నీళ్లు ఉప్పునీళ్లు, సట్టి అడుగున సున్నం కట్టినట్టే కప్పు మీద కూడా తెల్లటి పొర కడుతుంది. తాగే ఫిల్టరు నీళ్లతో ఉడకబెడితే ఆ బెడద ఉండదు. సట్టి నిండా నీళ్లు పోసి, పొయ్యి దగ్గరే నిలబడాలి. సీరియల్ చూసి వస్తే నీళ్లు ఇంకి సిలికాన్ మాడుతుంది, ఆ కంపుకు ఇల్లంతా తెలిసిపోతుంది.

కాపర్‌-టీ వేయించుకున్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడొద్దు. కప్పు పట్టుకు అది జారిపోయే ప్రమాదం ఉంది. కాన్పయినవాళ్లు డాక్టరు సరేననే దాకా ఆగాలి. చాలా అరుదే గానీ టాక్సిక్ షాక్ అనే జబ్బు ఒకటుంది. కప్పు పెట్టుకుని ఉండగా హఠాత్తుగా పెద్ద జ్వరం, వాంతులు, ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు వస్తే వెంటనే తీసేసి ఆసుపత్రికి పోవాలి.

కప్పు వల్ల నాకు తెలిసిన కొత్త సంగతి నెత్తురు లెక్క. బిందెలు బిందెలు పోతోందని ఆడవాళ్లం అంటుంటాం. ఒక నెలసరి మొత్తానికి మామూలుగా పోయేది 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ పోతున్నట్టు. ప్యాడులో ఇంకిపోయినదాన్ని ఎవరూ కొలవలేరు. చాలా కప్పుల మీద మాత్రం గీతలుంటాయి. ఇందాకటి కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఎంత పోతోందమ్మా అని డాక్టరు అడిగితే “బాగానే పోతాందండి” అనే జవాబుకు, “రోజుకు మూడు కప్పులు నిండుతున్నాయి” అనే జవాబుకు చికిత్సలో చాలా తేడా ఉంటుంది.

పగలంతా పాయిఖానా దొరకని ఆడవాళ్లు మా ప్రాంతంలో ఎందరో. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు తెల్లారకముందే బస్సెక్కే పిల్లలు, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజనంతా తోతాపురి కాయలు కోసే ఆడవాళ్లు, తిరుపతి బట్టలకొట్లలో రాత్రిదాకా నిలబడే పిల్లలు. పొద్దున ఇంట్లో పెట్టుకుంటే రాత్రికి ఇంట్లోనే తీసుకోవచ్చు. కప్పు ఎవరికైనా అక్కరకొచ్చేదుంటే ముందుగా వీళ్లకే. కానీ అమ్మేవాళ్ల ప్రకటనల్లో ఈత కొట్టే అమ్మాయిలు, కొండలెక్కే అమ్మాయిలే కనపడతారు.

కొండ అంటే గుర్తొచ్చింది. తిరుమలకు పోయే తారీఖుకు నెలసరి అడ్డొస్తుందని వాయిదా మాత్రలు మింగే ఆడవాళ్లను మా ఊరి మందుల షాపులు రోజూ చూస్తాయి. కొండకు ఆ రోజుల్లో పోవాలా వద్దా అన్నది ఎవరి నమ్మకం వాళ్లది, నాకు ఆ తగువు వద్దు. నాకు ఆశ్చర్యం వేసేది వేరే. ఆ మాత్ర హార్మోను. రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లు దాన్ని ముట్టకూడదు. అలాంటిదాన్ని డాక్టరు చీటీ లేకుండా, పక్కింటావిడ చెప్పిందని మింగేస్తాం. ఏ మందూ లేని సిలికాన్ ముక్కను చూస్తే మాత్రం గుండె దడదడ!

కొండమీద 2022 జూన్ నుంచి ప్లాస్టిక్ పూర్తిగా నిషేధం. ప్లాస్టిక్ నీళ్ల సీసా కనపడితే తీయించేస్తారు. అదే సంచిలో ఉన్న ప్యాడ్ల పొట్లం ప్లాస్టిక్ అని ఎవరికీ తట్టదు. ప్యాడు పైపొర, అడుగుపొర చాలామట్టుకు ప్లాస్టిక్కే. షాపువాడు దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి నల్లకవర్లో వేసిస్తాడు. మనం వాడినదాన్ని మళ్లీ పేపర్లో చుట్టి నల్లకవర్లోనే పారేస్తాం. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు దాన్ని గట్టిగా చుట్టి పొడిచెత్తలో వెయ్యమన్నాయి. పొద్దున్నే బండి తెచ్చే పారిశుద్ధ్య కార్మికురాలు ఆ కవరును చేత్తో విప్పి వేరు చేస్తుంది. మనకు రోత అనిపించిన మన నెత్తురును ముట్టుకునే పని, కులమూ జీతమూ మనకంటే తక్కువైన ఇంకో ఆడమనిషికి పోతోంది. కప్పులో నాకు నచ్చింది, సౌకర్యం కంటే ఎక్కువగా నచ్చింది, ఇదే. నాది నేనే కడుక్కుంటాను.

2021 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వం ‘స్వేచ్ఛ’ పేరుతో ప్రభుత్వ బళ్లలో, కాలేజీల్లో ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా చదివే ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. నెలసరి వచ్చి బడి మానే పిల్లలకు అది మంచి పనే, తప్పు పట్టను. కేరళలో దారి వేరు. 2019లో అలప్పుళ మునిసిపాలిటీ అయిదువేల కప్పులు పంచే పథకం పెట్టింది. 2022 జనవరిలో ఎర్నాకుళం జిల్లాలోని కుంబళంగిని దేశంలో మొదటి న్యాప్‌కిన్ రహిత పంచాయతీగా ప్రకటించారు. అక్కడా కప్పులు చేతికిచ్చి ఊరుకోలేదు, ముందు క్లాసులు పెట్టి, అనుమానాలు తీర్చి ఇచ్చారు. కప్పు చేతికిచ్చి పొమ్మంటే అది బీరువా అడుగుకే పోతుంది. రేపు మన దగ్గర ఎవరైనా కప్పులు పంచాలనుకుంటే, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం హాస్టళ్ల లాంటి చోట్ల, పద్దెనిమిది నిండి తమకు తాముగా కావాలన్నవాళ్లతో మొదలుపెట్టడం మంచిది. హాస్టలు గదిలో నలుగురి మధ్య ఒకటే కరెంటు కెటిల్ ఉంటుంది, అందులోనే టీ, అందులోనే మ్యాగీ. అందులో కప్పు ఉడకబెడితే ఆ రాత్రే పెద్ద పంచాయితీ. అందుకని డబ్బా కొనేటప్పుడే ఒక చిన్న సట్టి, స్టవ్వు దగ్గర కాస్త చోటు కూడా లెక్కలో పెట్టాలి. పల్లెల్లో ఈ మాట చెప్పాల్సింది ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు. వాళ్లు నోటితో చెబితే చాలదు, కప్పును చేతికిచ్చి మడిచి చూపించాలి. నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో కడగడానికి రెండు చెంబుల నీళ్లకైనా భరోసా ఉందో లేదో ముందు చూసుకోవాలి.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. తొలిసారి సెలవు రోజు, ఇంట్లో ఉన్నప్పుడు ప్రయత్నించండి. తోడుగా ఒక గుడ్డో ప్యాడో పెట్టుకోండి. కాన్పు అయిందా లేదా అన్నదాన్ని బట్టి సైజు మారుతుంది, అడిగి తీసుకోండి. మొదటి నెల విసుగొస్తుంది, రెండో నెల సందేహంగా ఉంటుంది, మూడో నెలకు చెయ్యి కుదురుకుంటుంది. అప్పటికీ కుదరలేదా, మొహమాటం లేకుండా పక్కన పెట్టేయండి. ప్యాడు వాడుకోండి, లేదా గుడ్డ వాడుకోండి. గుడ్డయితే మాత్రం మిద్దెమీద ఎండలో, అందరి బట్టల పక్కనే ఆరెయ్యండి.